పది రూపాయల లెక్క

మొన్న సెలవులకు కావేరిపట్టణం వచ్చిన మా మనుమడు, "తాతయ్యా, క్రికెట్ పందేల ధరలు ఎక్కడ దొరుకుతాయో కంప్యూటరుకు దారి చూపే వివరణ రాస్తున్నాను. మా విదేశీ కంపెనీ పని" అన్నాడు. 2024లో వచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ పద్ధతిలో, ఏ పనిముట్టు దేనికో కృత్రిమ మేధ ఆ వివరణ చదివే తెలుసుకుంటుందట.

"ధర అంటే ఏమిటో రాశావా?" అన్నాను.

రెండు జట్లకూ ధర 1.90 అనుకోండి. అంటే గెలిస్తే రూపాయికి రూపాయి తొంభై పైసలు. ఇద్దరు చెరో జట్టుపై వందేసి కాస్తే వచ్చేది 200, గెలిచినవాడికి ఇచ్చేది 190. ఎవరు ఓడినా పది రూపాయలు పందెం నడిపేవాడివే! మామిడి మండీలో కమీషను ఎరిగిన మనకు ఇది కొత్తా? ఈ సంగతి రాయకపోతే యంత్రం ఆ అంకెను జోస్యమనుకుని కుర్రవాళ్లకు చెబుతుంది.

డబ్బు కాసే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. మనవాడు ఆ రాత్రే ఈ రెండు సంగతులూ వివరణలో చేర్చాడు.

చట్టం సరే, మీ పిల్లలకూ ఈ పది రూపాయల లెక్క ఓసారి చేసి చూపండి.