ఆపరేషన్ తర్వాత ఏ గదికి?

ట్రాన్స్ వ్యక్తుల సర్జరీ గురించి తెలుగులో వెతికితే ఎక్కువగా రెండు రకాల రాతలు కనిపిస్తాయి. ఒకటి, ‘అబ్బాయి అమ్మాయిగా మారాడు’ అనే వింత వార్త. రెండోది, ఎక్కడ కోస్తారో, ఎక్కడ కుడతారో చెప్పే వర్ణన. ఆపరేషన్ టేబుల్ మీద గడిచేది కొన్ని గంటలే. దానికి ముందు ఆరు నెలలో ఏడాదో ఉంటుంది, తర్వాత మరో ఏడాది ఉంటుంది. ఫలితం ఎలా ఉంటుందన్నది చాలావరకు ఆ కాలమే తేలుస్తుంది. మన దేశంలో సర్జరీకి డబ్బు ఇచ్చే పథకాలు వచ్చాయి, సంతోషమే. కానీ కోలుకోవడానికి కావలసిన గదిని, సెలవును, తోడును వైద్యంలో భాగంగా లెక్కవేయడం ఇంకా మొదలుకాలేదు. నా అభ్యంతరం అక్కడే.

ముందు ఒక మాట గురించి. కొన్ని తెలుగు అనువాదాల్లో ఈ చికిత్సకు ‘లింగ నిర్ధారణ శస్త్రచికిత్స’ అని రాస్తున్నారు. స్కానింగ్ సెంటర్ల గోడల మీద ‘లింగ నిర్ధారణ నేరం’ అని పెద్ద అక్షరాలతో బోర్డులు వేలాడే రాష్ట్రాల్లో ఇంతకంటే తికమక పెట్టే పేరు దొరకదు. ‘లింగ మార్పిడి’ అందరికీ తెలిసిన మాటే, అయితే చాలామంది ట్రాన్స్ వ్యక్తులకు అది నచ్చదు. తాము ఎవరో ముందే తెలుసని, శరీరాన్ని దానికి దగ్గర చేసుకుంటున్నామని వాళ్లంటారు. ఈ వ్యాసంలో సర్జరీ అనే రాస్తాను.

ఇక సూరత్. ఈ ఊళ్లో తెలుగు వినాలంటే లింబాయత్ వైపు వెళ్లాలి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి దశాబ్దాల క్రితం మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. పన్నెండు గంటల షిఫ్టు, చిన్న ఇల్లు, ఒకే గదిలో రెండు తరాలు. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చిన కార్మికులు ఉండే మెస్‌లలో అయితే ఒకే పరుపు మీద పగటి షిఫ్టువాళ్లు రాత్రి, రాత్రి షిఫ్టువాళ్లు పగలు పడుకుంటారు. ఇలాంటి చోట పెరిగి, రింగ్ రోడ్డు మార్కెట్లో చీరలు మడతపెట్టే పని చేస్తున్న ఒక తెలుగు ట్రాన్స్ మహిళను ఊహించుకోండి. కొంత డబ్బు దాచింది. యోని నిర్మాణ సర్జరీ చేయించుకోవాలని నిర్ణయించుకుంది. ఆమె ఏమేం సిద్ధం చేసుకోవాలి?

మొదటిది ఎవరూ ఊహించనిది, వెంట్రుకలు. చాలా పద్ధతుల్లో జననాంగం దగ్గరి చర్మాన్నే లోపలికి మలిచి కొత్త యోని గోడగా వాడతారు. ఆ చర్మం మీద వెంట్రుకల కుదుళ్లు మిగిలిపోతే తర్వాత లోపల వెంట్రుకలు మొలుస్తాయి. తీయడం కష్టం, ఇన్ఫెక్షన్ల బెడద. అందుకే ముందుగానే లేజర్‌తోనో ఎలక్ట్రాలిసిస్‌తోనో తొలగించమని చాలామంది సర్జన్లు అడుగుతారు. లేజర్ కాంతిని వెంట్రుకలోని మెలనిన్ పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. అయితే మన చర్మంలోనూ మెలనిన్ ఉంది. అందుకే చామనఛాయ, నలుపు రంగు చర్మాలకు 1064 నానోమీటర్ల లేజర్ మేలంటారు. ఆ తరంగదైర్ఘ్యం దగ్గర పైచర్మంలోని మెలనిన్ తక్కువ కాంతిని పీల్చుకుంటుంది, కాంతి లోతుగా వెళుతుంది. పైగా లేజర్ బాగా పనిచేసేది పెరుగుదల దశలో ఉన్న వెంట్రుకల మీదే. అన్నీ ఒకేసారి ఆ దశలో ఉండవు కాబట్టి వారాల ఎడంతో చాలాసార్లు వెళ్లాలి. ఆరు నెలల నుంచి ఏడాది దీనికే పోతుంది. ఈ సంగతి ఆపరేషన్ తేదీకి నెల ముందు తెలిస్తే ప్రయోజనం ఏముంది?

రెండోది పొగాకు. కదిలించిన చర్మం బతకాలంటే దానికి సన్నని రక్తనాళాల్లోంచి రక్తం అందాలి. నికోటిన్ ఆ నాళాలను బిగదీస్తుంది. ఎంఎస్సీలో చదివిన ప్వాజోయ్ సూత్రం ఇక్కడ గుర్తొస్తుంది. గొట్టంలో ప్రవాహం వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. వ్యాసార్థం 10 శాతం తగ్గితే ప్రవాహం 10 శాతం కాదు, దాదాపు 34 శాతం పడిపోతుంది. రక్తం నీళ్లలాంటి ద్రవం కాదు, రక్తనాళం ఇనుప గొట్టమూ కాదు, కాబట్టి ఇది ఉజ్జాయింపే. అయినా సర్జన్లు ఆపరేషన్‌కు కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందు పొగాకు మానమని ఎందుకు పట్టుబడతారో దీంతో అర్థమవుతుంది. గుజరాత్‌లో ఇంకో చిక్కు ఉంది. ‘నేను సిగరెట్ తాగను’ అని నిజాయితీగా చెప్పే మనిషి నోట్లో మావా ఉంటుంది. నమిలినా, పీల్చినా నికోటిన్ నికోటినే.

మూడోది మందుల చిట్టా. డాక్టర్‌ను కలవకముందే మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని హార్మోన్లుగా వేసుకునేవాళ్లు మన దేశంలో తక్కువేం కాదు. వాటిలో ఉండే ఎథినైల్ ఎస్ట్రాడియాల్ వల్ల, సాధారణంగా ఈ చికిత్సలో వాడే ఎస్ట్రాడియాల్ కంటే, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. గంటల తరబడి ఆపరేషన్, ఆపై రోజుల తరబడి మంచం మీద ఉండటం ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచుతాయి. తిడతారేమోనన్న భయంతో ఈ విషయం దాస్తే ప్రాణం మీదికి వస్తుంది. తిట్టే డాక్టర్ల తప్పు కూడా ఇందులో ఉందని నేను అనుకుంటాను.

పిల్లలు కావాలనుకునేవాళ్లు వీర్యాన్ని గానీ అండాలను గానీ ముందే భద్రపరుచుకోవాలి. వృషణాలో అండాశయాలో తీసేశాక వెనక్కి వెళ్లే దారి లేదు. భద్రపరచడం సాంకేతికంగా సులువే, తర్వాత వాడుకోవడమే చట్టపరంగా ఇరుకు. 2021లో వచ్చిన సంతాన సాఫల్య, సరోగసీ చట్టాలు ట్రాన్స్ వ్యక్తుల ఊసే ఎత్తవు.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వద్దాం. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకులో ముడుచుకుపోతుందని బట్టల ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కొత్తగా ఏర్పరచిన యోని కూడా ముడుచుకుపోవాలని చూస్తుంది. కారణం మాత్రం వేరు. గాయం మానేటప్పుడు మయోఫైబ్రోబ్లాస్ట్‌లు అనే కణాలు చుట్టూ ఉన్న కణజాలాన్ని పట్టి లాగుతాయి. మోకాలి మీద దెబ్బ మూసుకుపోవడానికి ఆ లాగుడే మేలు చేస్తుంది. ఇక్కడ అదే లాగుడు లోతును, వెడల్పును తగ్గించేస్తుంది. దాన్ని ఎదుర్కోవడానికి డైలేటర్ అనే నున్నటి కడ్డీని లోపల ఉంచుకోవాలి. చర్మాన్ని గట్టిగా ఒక్కసారి లాగితే చిరుగుతుంది, తక్కువ బలంతో చాలాసేపు ఉంచితే మెల్లగా సాగుతుంది. పదార్థ శాస్త్రంలో దీన్ని క్రీప్ అంటారు. సర్జన్‌ను బట్టి పద్ధతి మారుతుంది గానీ మొదటి మూడు నెలలు రోజుకు మూడు నాలుగు సార్లు చేయమనడం మామూలు. శుభ్రం చేసుకోవడంతో కలిపి రోజుకు రెండు గంటలు ఎటూ పోవు. ఆ తర్వాత నెమ్మదిగా తగ్గిస్తారు, పూర్తిగా మానడం మాత్రం ఉండదు.

రెండు తరాలు ఉండే ఒకే గదిలో ఆ రెండు గంటలు ఎక్కడ దొరుకుతాయి? గడియ వేసుకోవడానికి తలుపేది? బాత్‌రూమ్ నాలుగు ఇళ్లకు ఒకటైతే రోజుకు నాలుగుసార్లు శుభ్రత ఎలా? మగ్గం షిఫ్టులో మధ్యలో ఎవరు వదులుతారు? డైలేషన్ ఆగితే ఆపరేషన్ ఫలితం కొన్ని వారాల్లోనే చేజారడం మొదలవుతుంది. లక్షలు పోసి చేసిన సర్జరీ తలుపు గడియ లేక దెబ్బతినడం నాకు వైద్య సమస్యగానే కనిపిస్తుంది. దాన్ని ‘పేషెంట్ సరిగా పాటించలేదు’ అని కేసు షీట్‌లో రాసేయడం అన్యాయం.

దీనికి ఒక ప్రత్యామ్నాయం ఉంది. బయటి ఆకృతిని మాత్రమే తీర్చిదిద్ది, లోపలి మార్గం ఏర్పరచకుండా చేసే సర్జరీ. దానికి డైలేషన్ అక్కర్లేదు, కోలుకోవడమూ తేలిక. ఇది కొందరికి నిజంగా కావలసిందే. ఇలాంటిది ఉందని ప్రతి ఒక్కరికీ చెప్పాలి, చాలాచోట్ల చెప్పరు. కానీ లోపలి మార్గం కావాలని కోరుకునే మనిషి, గది లేదన్న ఒక్క కారణంతో దీనికి సర్దుకోవాల్సి వస్తే? శరీరం ఎలా ఉండాలో ఇంటి అద్దె నిర్ణయించినట్టే కదా.

ట్రాన్స్ పురుషుల ఛాతీ సర్జరీ దీనికంటే చిన్నదే. అయినా నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు, చేతులు పైకి లేపకూడదు. బట్ట తానులు మోసే పనిలో ఉన్నవాళ్లకు అది నెలన్నర కూలి.

మనసు సంగతి. మానసిక వైద్యుడి లేఖను చాలామంది పరీక్ష పాస్ సర్టిఫికెట్‌లా చూస్తారు. అనుమానం కనబడితే ఫెయిల్ చేస్తారన్న భయంతో, భయమేమీ లేనట్టు మాట్లాడతారు. దాంతో కౌన్సెలింగ్ ఎందుకు పెట్టారో ఆ పనే జరగదు. ప్రపంచ ట్రాన్స్ ఆరోగ్య వృత్తి నిపుణుల సంఘం 2022లో విడుదల చేసిన ఎనిమిదో మార్గదర్శకాలు పెద్దవాళ్లకు ఒక నిపుణుడి అంచనా చాలన్నాయి. మన దగ్గర చాలా ఆసుపత్రులు ఇంకా రెండు లేఖలు అడుగుతాయి. లేఖ ఒకటా రెండా అన్నదానికంటే, ఆ గదిలో ‘నాకు భయంగా ఉంది’ అని చెప్పగలిగే వీలుందా లేదా అన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. అది కూడా సొంత భాషలో. లింబాయత్ అమ్మాయికి గుజరాతీ, హిందీ బజారుకు సరిపడా వచ్చు. మూత్రమార్గం సన్నబడటం, పేగుకూ యోనికీ మధ్య రంధ్రం పడటం లాంటి ప్రమాదాలను ఆ బజారు భాషలో విని సంతకం పెడితే దాన్ని సమ్మతి అనగలమా?

ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో దిగులు రావడం మామూలే. మత్తుమందు, నొప్పి, నిద్రలేమి, మంచానికే పరిమితం కావడం అన్నీ కలిసి వస్తాయి. ఇన్నేళ్లు కోరుకున్నది జరిగాక కూడా ఏడుపొస్తోందంటే తప్పు చేశానేమోనని భయపడతారు. ముందే చెప్పి ఉంచితే ఆ భయం సగం తగ్గుతుంది. శాశ్వతమైన పశ్చాత్తాపం వేరు. 27 అధ్యయనాల్లోని 7,928 మందిని కలిపి 2021లో ప్రచురించిన విశ్లేషణలో అది సుమారు 1 శాతం. ఆ అధ్యయనాల నాణ్యత ఒకేలా లేదన్న విమర్శ సరైనదే, కొన్నింటిలో ఎక్కువ కాలం గమనించలేదు. అయినా మోకాలి కీళ్ల మార్పిడి లాంటి ఆపరేషన్ల తర్వాత అసంతృప్తిగా ఉండేవాళ్లతో పోలిస్తే ఇది చాలా చిన్న సంఖ్య. ఇంకో విషయం. సర్జరీ శరీరాన్ని మారుస్తుంది, నాన్న మనసును మార్చదు. ఇంట్లోవాళ్లు మాట్లాడటం మొదలుపెడతారన్న ఆశతో ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లతో ఆ ఆశ గురించే ముందు మాట్లాడాలి.

సిద్ధం కాకుండా చేస్తే ఏమవుతుందో మన దగ్గరే చూశాం. 2022 ఫిబ్రవరిలో నెల్లూరులోని ఒక లాడ్జి గదిలో ఇద్దరు బీఫార్మసీ విద్యార్థులు చేసిన ‘ఆపరేషన్’లో ప్రకాశం జిల్లాకు చెందిన 28 ఏళ్ల వ్యక్తి రక్తస్రావమై చనిపోయారు. అంతకు ముందు 2021 జులైలో కేరళ తొలి ట్రాన్స్ రేడియో జాకీగా పేరొందిన అనన్య కుమారి అలెక్స్ మరణించారు. సర్జరీ జరిగి ఏడాదైనా నిలబడలేనంత నొప్పి ఉందని ఆమె బహిరంగంగా చెప్పిన కొద్దిరోజులకే ఇది జరిగింది. ఒకరికి ఆసుపత్రే అందలేదు. ఇంకొకరికి అందింది, తర్వాతి కాలం చేయిచ్చింది.

చట్టంలో మాట ఉంది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం 15వ సెక్షన్‌లో సర్జరీకి ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఇవ్వాలని రాశారు. 2022 ఆగస్టులో ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఖర్చు భరిస్తామంది, జాతీయ పోర్టల్ నుంచి తీసుకున్న గుర్తింపు పత్రం ఉంటే. అదే పోర్టల్‌ను 2020 నవంబర్ 25న ప్రారంభించిన రోజే వడోదరలో గరిమా గృహ్ అనే ఆశ్రయ కేంద్రాన్ని కూడా తెరిచారు. లక్ష్య ట్రస్ట్ దాన్ని నడుపుతోంది. సూరత్ నుంచి రైల్లో రెండు మూడు గంటలు. ఇలాంటి కేంద్రాల్లో సర్జరీ అయినవాళ్ల కోసమే నాలుగు గదులు, ఒక నర్సు, మూడు నెలల బస పెట్టి, దాన్ని సర్జరీ ప్యాకేజీలోనే కలిపితే ఎంత ఖర్చవుతుంది? ఫిస్టులా పడి రెండోసారి ఆపరేషన్ చేసే ఖర్చుతో పోల్చి చూడమనండి.

అదయ్యేదాకా, తేదీ ఖాయం చేసుకునే ముందు సర్జన్‌ను కొన్ని మాటలు అడగక తప్పదు. ఈ ఆపరేషన్ మీరు ఎన్నిసార్లు చేశారు? ఎంతమందికి సమస్యలొచ్చాయి? మళ్లీ చేయాల్సి వస్తే ఎవరు భరిస్తారు? రాత్రి రెండింటికి రక్తం కారితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? ముంబైలోనో చెన్నైలోనో చేయించుకుని సూరత్ తిరిగొచ్చినవాళ్లకు ఈ చివరి ప్రశ్న చాలా అవసరం. ఆ రాత్రి వాళ్లు వెళ్లేది న్యూ సివిల్ ఆసుపత్రికో, స్మీమర్‌కో. అక్కడ డ్యూటీలో ఉన్న యువ డాక్టర్ ఇలాంటి సర్జరీ ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. ఏం తీశారు, ఏం కలిపారు, మూత్రనాళం ఎక్కడ ఉంది, ఏ మందులు నడుస్తున్నాయి అన్నది ఒక పేజీలో డిశ్చార్జి చేసిన సర్జన్ చేతే రాయించుకుని, ఫొటో తీసి ఫోన్‌లో ఒకటి, నమ్మకమైన స్నేహితురాలి ఫోన్‌లో ఒకటి ఉంచుకోవాలి.