పసిబిడ్డకు సీటు అక్కరలేదు, కాగితం కావాలె

మొన్న శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయిన. మా అక్క బిడ్డ దుబాయ్ నుంచి వస్తున్నది, ఒళ్లె యాభై రోజుల పసిగుడ్డు. అల్లునికి లీవు దొరకలేదు, పిల్ల ఒక్కతే వస్తున్నది. మా అక్కకు పొద్దున్నుంచి ఒక్కటే రంధి. "అంత ఎత్తున పసిపోరనికి చెవులు నొయ్యవారా? గాలి సాలుతదా? ఏడిస్తె పక్కోళ్లు ఏమంటరో" అని జగిత్యాల నుంచి శంషాబాద్ దాక అడుగుతనే ఉన్నది. తీరా పిల్ల బయటికి వచ్చినంక సూస్తె మనుమడు మంచిగ నిద్రపోతున్నడు. "విమానంల ఏం కాలేదమ్మా, పాలు తాగి పండుకున్నడు. విమానం ఎక్కెటందుకే నలభై రోజులు పట్టింది" అన్నది మా పిల్ల.

ఇంటికి వచ్చి పోరన్ని తొట్టెలల వేసి అందరు సంబురపడ్డరు గని, ఆ నలభై రోజుల మాట నా మనసుల ఉండిపోయింది. ఎందుకంటే అప్పటికే నా ఫోన్‌ల ఇంకో తల్లి గొంతు ఉన్నది. ఆమె సంగతి తర్వాత చెప్త. ముందుగాల మా అక్క భయం సంగతి తేలుద్దాం, ఇది చదివేటోళ్లల్ల గూడ చానమందికి గదే భయం ఉంటది.

విమానంల పైకి పోయినంక లోపల గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల గుట్ట మీద ఉన్నట్టు ఉంటది. నెలలు నిండి పుట్టి, ఆరోగ్యంగ ఉన్న బిడ్డ దాన్ని తట్టుకుంటది. పుట్టిన మొదటి రోజులల్ల మాత్రం ఊపిరితిత్తులు ఇంకా కుదురుకుంట ఉంటయి, అందుకే చాన ఎయిర్‌లైన్స్ ఏడు రోజులు నిండనిదే ఎక్కనియ్యవు, లేకుంటే డాక్టర్ చిట్టీ అడుగుతయి. ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క, టికెట్ తీసుకునేటప్పుడే అడగాలె. నెలలు తక్కువ పుట్టినా, గుండె, ఊపిరి ఇబ్బందులున్నా డాక్టర్‌ను అడగకుంట పోవద్దు. ఎక్కేటప్పుడు, ముఖ్యంగ దిగేటప్పుడు చెవులు బిగుసుకుంటయి. అప్పుడు పాలిస్తె, బిడ్డ గుటకలు మింగంగ మింగంగ చెవులు తెరుసుకుంటయి. బిడ్డ పాలకు వంద మిల్లీలీటర్ల లెక్క లేదు, చెకింగ్ చేసి పంపిస్తరు. రెండేండ్ల లోపు పిల్లలకు సీటు ఉండది, ఒళ్లెనే. బయటి దేశాలకు తిరిగే చాన విమానాల్ల వాళ్ల టికెట్ పెద్దోళ్ల దాంట్ల పదో వంతు. ముందట గోడకు తగిలిచ్చే తొట్టెల పెద్ద విమానాల్ల ఉంటది, ముందే చెప్పి పెట్టుకోవాలె. గల్ఫ్‌కు తిరిగే చిన్న విమానాల్ల ఎక్కువ సార్లు అది గూడ ఉండది. నాలుగు గంటలు తల్లి చేతులే తొట్టెల.

ఇంతే. సైన్స్ సంగతి, కంపెనీ సంగతి ఇంతల ఒడిసిపోతది. మరి మా పిల్లకు నలభై రోజులు ఎక్కడ పోయినయి?

కాగితాల కాడ పోయినయి. బిడ్డ పుట్టంగనే దవాఖానోళ్లు చిట్టీ ఇస్తరు. దాన్ని పట్టుకొని బర్త్ సర్టిఫికెట్ తియ్యాలె. దానికి తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, వీసాలు, ముద్రలు పడ్డ పెండ్లి సర్టిఫికెట్ కావాలె. బర్త్ సర్టిఫికెట్ వచ్చినంక మన కాన్సులేట్ల బిడ్డ పుట్టుక రిజిస్టర్ చెయ్యాలె, బిడ్డ పేరు మీద పాస్‌పోర్ట్ తియ్యాలె. తల్లి పాస్‌పోర్ట్‌ల బిడ్డ పేరు రాసుడు కాదు, మూడు కిలోల పోరనికి సొంత పాస్‌పోర్ట్. మల్ల దుబాయ్ వాపస్ పోవాలంటే వీసా. యూఏఈల అయితే పుట్టిన 120 రోజుల లోపు బిడ్డకు వీసా తియ్యాలె, లేకుంటే రోజుల లెక్కన జుర్మానా. మా అల్లుడు ఆఫీసుల పని చేస్తడు, కంప్యూటర్ తెలుసు, ఇంగ్లిష్ తెలుసు, కంపెనీల అడిగితె సగంపూట ఛుట్టీ ఇస్తరు. అసుంటోనికే నలభై రోజులు పట్టింది.

ఇప్పుడు ఫోన్‌ల తల్లి ముచ్చట. ఆమె పేరు చెప్పను, ఏ దేశంల ఉన్నదో గూడ చెప్పను, చెప్తె ఆమెకే ఆపద. మా దిక్కు ఆడబిడ్డే. ఇంటి పని వీసా మీద పోయింది. పోయినంక పాస్‌పోర్ట్ యజమాని గుంజుకున్నడు. ఏడు నెలలు జీతం లేదు. ఓ రాత్రి ఆ ఇంట్ల నుంచి బయట పడ్డది. అప్పటి నుంచి ఆమె అక్కడి భాషల "ఖల్లివల్లి". గల్ఫ్‌ల మనోళ్లకు ఈ మాట అర్థం చెప్పక్కరలేదు. కాగితం లేకుంట దాసుకొని బతికెటోళ్లందరికీ మనోళ్లు పెట్టుకున్న పేరు అది. ఓ రూంల నలుగురితోటి ఉండుకుంట, నాలుగిండ్లల్ల పని చేసుకుంట బతికింది. అక్కడనే మన దిక్కు కూలి పిలగాడు పరిచయమైండు. రూంల దోస్తుల ముంగట తాళి కట్టిండు. బిడ్డ పుట్టింది. తర్వాత ఆ పిలగాడు చెకింగ్‌ల దొరికిండు, జైలుకు పోయి అటే ఇండియాకు పంపబడ్డడు.

ఆమె ఫోన్ చేసి అడిగిన మాట ఇది: "అన్నా, టికెట్‌కు పైసలు జమ చేసిన. నాకు ఎంబసీ ఔట్ పాస్ ఇస్తదట. బిడ్డకు ఇయ్యరట. బిడ్డను ఇడిసిపెట్టి ఎట్ల రావాలె?"

నేను జవాబు చెప్పలేకపోయిన. కనుక్కుంట అన్న. కనుక్కుంటె తెలిసిందేందంటే, ఎవ్వలూ తప్పు చెయ్యలేదట. దవాఖానోళ్లు పెండ్లి సర్టిఫికెట్ లేకుంటె చిట్టీ ఇయ్యమన్నరు, అది ఆ దేశం రూలు. అక్కడి ఆఫీసు దవాఖాన చిట్టీ లేకుంటె బర్త్ సర్టిఫికెట్ ఇయ్యమన్నది. మనోళ్లు బర్త్ సర్టిఫికెట్ లేకుంటె ఈ బిడ్డ మన బిడ్డ అని ఎట్ల నమ్మాలె అన్నరు. అక్కడి ఇమిగ్రేషనోళ్లు మీ దేశం కాగితం ఇయ్యనిదే బయటికి ఎట్ల పంపాలె అన్నరు. నలుగురు నాలుగు దిక్కుల నిలబడి పక్కోని దిక్కు ఏలు సూపెడుతున్నరు. నడుమల బిడ్డ.

మరి మన చట్టం ఏమంటది? 1955 పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ చూడుండ్రి. బయటి దేశంల పుట్టిన బిడ్డకు తల్లి గాని తండ్రి గాని, ఇద్దరిల ఒక్కరు పుట్టుకతోటి భారతీయులైతె సాలు, ఆ బిడ్డ మన పౌరసత్వానికి హక్కుదారు. పెండ్లి అయ్యిందా అని ఆ సెక్షన్ అడగది. గని 2004 డిసెంబర్ 3 తర్వాత పుట్టినోళ్లకు ఓ షరతు పెట్టిండ్రు: ఏడాది లోపు మన ఎంబసీల గాని కాన్సులేట్ల గాని పుట్టుక రిజిస్టర్ చెయ్యాలె. ఏడాది దాటితె కేంద్ర ప్రభుత్వం పర్మిషన్ కావాలె. జైలు భయానికి దవాఖాన గడప తొక్కలేని తల్లికి ఏడాది ఎంతసేపు?

ఇంకోటి. 2015 జూలైల సుప్రీంకోర్టు చెప్పింది, పెండ్లి కాని తల్లి తండ్రి పేరు బయటపెట్టకుంటనే బిడ్డకు గార్డియన్ కావచ్చని, ఆమె అఫిడవిట్ ఇస్తె బర్త్ సర్టిఫికెట్ ఇయ్యాలెనని. 2016 డిసెంబర్‌ల విదేశాంగ శాఖ పాస్‌పోర్ట్ రూల్స్ అల్కగ చేసింది, తల్లిదండ్రులల్ల ఒక్కరి పేరున్నా సాలని. అంటే ఢిల్లీల, హైదరాబాద్‌ల ఉన్న తల్లికి దొరికిన హక్కు, దేశం దాటంగనే దొరకకుంట అయితున్నది. గల్ఫ్ దేశాల రూల్స్ మనం మార్చలేం, ఒప్పుకుంట. గని వాళ్లు గూడ కొంత కదులుతున్నరు. యూఏఈ 2022ల చట్టం మార్చి, పెండ్లి కాగితం లేకున్నా బిడ్డ పుట్టుక రిజిస్టర్ చేసుకునే తొవ్వ పెట్టింది. 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాక క్షమాభిక్ష ఇచ్చినప్పుడు, అక్కడ పుట్టి కాగితాలు లేని పిల్లలను గూడ అండ్ల కలిపింది. మన సర్కార్ ఎందుకు కదలది?

మన ఊళ్లల్ల ఈ ముచ్చట చెప్తె కొందరంటరు: "గట్ల బతకమని ఎవరు చెప్పిండ్రు? చేసుకున్నోళ్లకు చేసుకున్నంత." ఆ తల్లి తప్పు చేసిందా లేదా అన్నది నేను ఇక్కడ తేల్చను. బిడ్డ ఏం చేసింది? పుట్టింది, గంతే గదా. ఇంకోటి, మన పల్లెలల్ల పందిరి కింద పెండ్లి చేసుకున్నోళ్లు ఎంతమంది రిజిస్టర్ చేపిచ్చుకుంటున్నరు? ఊరంత సాక్షి, డప్పులు సాక్షి. అదే జంట దుబాయ్ పోతె ఆ ఊరు సాక్ష్యం చెల్లది. కాబట్టి ఇది "సెడిపోయినోళ్ల" సమస్య అని మొఖం తిప్పుకునుడు కుదరది.

ఆఫీసర్లు ఇంకో మాటంటరు, దాంట్ల న్యాయం ఉన్నది. కాగితం లేని బిడ్డను ఎవరు పడితె వాళ్లు ఎత్తుకొచ్చి నా బిడ్డే అంటె? పిల్లలను అమ్మేటోళ్లు లేరా? ఉన్నరు. అందుకే విమానం కాడ పాస్‌పోర్ట్ అడుగుడు తప్పు కాదు, అడగాలె. గని తల్లీబిడ్డల సంబంధం తేల్చెటందుకు పెండ్లి సర్టిఫికెట్ ఎందుకు పనికొస్తది? అది మొగుడు పెండ్లాల కాగితం. తల్లీబిడ్డల లెక్క డీఎన్ఏ పరీక్ష తేల్చుతది. అనుమానం ఉంటె పరీక్ష చేపిచ్చుండ్రి, తేలినంక కాగితం ఇయ్యిండ్రి. అనుమానం పేరు చెప్పి నెలలకు నెలలు తిప్పుడు బిడ్డకు రక్షణ కాదు.

శంషాబాద్‌ల ఆ రోజు మాకు ఇంకోటి గూడ కనిపిచ్చింది. కార్గో గేటు దిక్కు ఓ అంబులెన్స్, చుట్టూ ఊరోళ్లు. గల్ఫ్ నుంచి పెట్టె వస్తున్నదన్నట్టు. చచ్చిపోయినోళ్ల శవాన్ని ఇంటి దాక ఉచితంగ చేర్చెటందుకు మన దగ్గర అంబులెన్స్ ఉన్నది. శవం తెచ్చెటందుకు ఎంబసీల 2009 నుంచి ప్రవాసుల సంక్షేమ నిధి ఉన్నది. ఇవి ఊకె రాలేదు. పెట్టెలు చూసి చూసి, తల్లులు రోడ్ల మీద కూసుంటె, సంఘాలు కొట్లాడితె వచ్చినయి. 2020ల కరోనా టైంల వందే భారత్ విమానాలు నడిపినప్పుడు ముందుగాల ఎక్కిచ్చే లిస్టుల గర్భిణులను పెట్టిండ్రు. మనసు పెడితె సర్కారుకు చాతనైతది. బతికున్న పసిబిడ్డ ఇంటికి వచ్చే తొవ్వ కోసం మాత్రం మనం ఇంకా గట్టిగ కొట్లాడలేదు. అది మన తప్పు గూడ, నా తప్పు గూడ. శవాల కోసం ధర్నాలు చేసిన, పసిపిల్లల కోసం ఒక్క దరఖాస్తు గూడ పెట్టలే.

ఇప్పుడు పెడుతున్న. అడిగేటివి నాలుగే. ఒకటి, తల్లి భారతీయురాలని తేలి, తల్లీబిడ్డల సంబంధం పరీక్షల తేలితె, అక్కడి బర్త్ సర్టిఫికెట్ కోసం ఆగకుంట బిడ్డకు ఇంటికి వచ్చే పూర్త కాగితం ఎంబసీ ఇయ్యాలె. రెండు, ఆ పరీక్ష ఖర్చు సంక్షేమ నిధి నుంచి పెట్టాలె, గా నిధి గల్ఫ్ కూలోళ్లు కట్టిన ఫీజుల పైసే. మూడు, ఏడాది గడువు తల్లి జైల్ల ఉన్నా, కాగితం లేకుంట దాసుకొని ఉన్నా అడ్డం రావద్దు. నాలుగు, ప్రజాభవన్ల ప్రవాసీ ప్రజావాణిల తల్లీబిడ్డల కేసులకు వేరే రిజిస్టర్ పెట్టాలె. లెక్క రాసుడు షురువైతనే ఎంతమంది ఉన్నరో తెలుస్తది.

గల్ఫ్‌ల ఉన్న అక్కచెల్లెండ్లకు, పోయెటోళ్లకు ఓ మాట. పెండ్లి అయితె పోకముందే రిజిస్టర్ చేసుకోండ్రి, ఆ సర్టిఫికెట్ మీద ముద్రలు ఇక్కడనే కొట్టిచ్చుకోండ్రి. బిడ్డ పుడితె దవాఖానల ఇచ్చిన ఏ చిట్టీ పారేయొద్దు, చేతి పట్టీ గూడ దాసిపెట్టుండ్రి, ఫోన్‌ల ఫొటో తీసి ఇంటికి పంపుండ్రి. ఏడాది నిండక ముందే ఎంబసీకి రాతపూర్వకంగ దరఖాస్తు పెట్టుండ్రి. వాళ్లు తీసుకోకుంటె ఈమెయిల్ పంపుండ్రి, తారీఖు ఉంటది. రేపు ఆ తారీఖే మీకు సాక్ష్యం.

ఫోన్‌ల ఉన్న ఆ తల్లికి గూడ ఇదే చెప్పిన. దరఖాస్తు పోయింది, జవాబు రాలేదు. పోయినసారి వీడియో కాల్‌ల బిడ్డ గోడ పట్టుకొని నిలబడుతున్నది. "అన్నా, బిడ్డకు తొమ్మిది నెలలు పడ్డయి" అన్నది. ఇంకో మూడు నెలలైతె ఏడాది గడువు దాటుతది.