కుర్చీకి అద్దె కట్టి చదువుకునే పిల్లలం మనం

 

మొన్న మన సీనియర్ అన్న ఒకాయన, "లైబ్రరీలు అడగడం దండగ తమ్మీ, ఇప్పుడు అన్నీ ఫోన్ల దొరుకుతయ్. కోచింగ్ ఫీజు అడగండి" అన్నడు. అన్న మీద గౌరవం ఉంది. ఆ మాట మీద మాత్రం లేదు. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగైతది, ఓపికగా చదవండి.

గ్రూప్స్ కోసం హైదరాబాద్ వచ్చి ఏడాది దాటింది. రూములో నలుగురం, ఒకడు పడుకుంటే ఇంకొకడు లైటు వెయ్యొద్దు. అందుకని నెలకు 1,200 కట్టి ఒక ప్రైవేటు రీడింగ్ రూములో కూర్చున్న. ముందర ప్లైవుడ్ చెక్క, పక్కన ఇంకొకరి మోచెయ్యి. ఆ పైసలు మా బాపు పత్తి అమ్మి పంపినయి. ఒక నెల ఆలస్యమైంది. నాలుగో తారీఖు పోయి చూస్తే నా కుర్చీల వేరే పిల్లగాడు కూర్చున్నడు. వాణ్ని ఏమనాలె, వాడు కూడా మనలాంటోడే.

ఇంక ఊరికే పోదామని బ్యాగు సర్దుకొని ఎంజీబీఎస్‌కు బయల్దేరిన. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున, ఉస్మానియా ఆస్పత్రి దగ్గర, కోటలాంటి భవనం కనిపించింది. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అని బోర్డు. గేటు దగ్గర పది నిమిషాలు నిలబడ్డ. లోపలికి పోతే ఎవరన్నా "ఎవరు నువ్వు, ఎక్కడినుంచి వచ్చినవ్" అంటరేమోనని. ఈ భయం మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలుసు. ఎవరూ ఏమీ అడగలేదు. కూర్చొని చదువుకోవడానికి పైసా కట్టక్కర్లేదు.

లోపల ఎత్తైన కప్పు, పొడవైన బల్లలు, పెద్ద కిటికీల నుంచి వెలుతురు. తెల్లగడ్డం తాత ఒకాయన ఉర్దూ పేపరు చదువుతున్నడు. నేను పుస్తకం తెరిచి తలెత్తి చూసేసరికి మధ్యాహ్నం దాటింది. ఊరి బస్సు ఎక్కలేదు.

1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది ఇది. ఈ భవనంలోకి 1936లో వచ్చింది. అంటే మన కుమ్రం భీం జోడేఘాట్‌లో అడవి కోసం, భూమి కోసం ప్రాణం ఇవ్వడానికి నాలుగేళ్ల ముందు. అదే నిజాం సర్కారు. పట్నంలో పుస్తకాలకు కోట కట్టింది, మనకు జంగ్లాతోళ్లను పంపింది.

ఇప్పుడు అందం గురించి. "చదివేటోనికి అందం ఎందుకు?" అంటరు. ఆశ్రమ పాఠశాలలో ట్రంకు పెట్టె మీద నోట్‌బుక్ పెట్టి రాసినోళ్లం మనం. రేకుల షెడ్డు, సగం కట్టిన గోడ, పని చెయ్యని బల్బు. చిన్నప్పటినుంచి మనకు వచ్చేది ఇదే కాబట్టి, మనకు ఇదే సరిపోతదని మనమే నమ్మినం. ఆ హాల్లో కూర్చున్న రోజు నాకు మొదటిసారి అనిపించింది, ఇది నా కోసం కూడా కట్టిందే అని. ఫోన్‌లో పీడీఎఫ్ ఆ పని చెయ్యదు. సిగ్నల్ కోసం గుట్టెక్కే ఊర్లకైతే అసలే చెయ్యదు.

ఇంకోమాట అంటరు, మనోళ్లకు చదివే అలవాటు లేదని. మరి గుంజాలలో మన పెద్దోళ్లు గోండి లిపిలో రాసిన ప్రతులను ఇండ్లల్లో దాచిపెట్టింది ఎవరు? ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. హైమన్‌డార్ఫ్ తీసిన మన తాతల ఫోటోలు లండన్‌లో సోయాస్ లైబ్రరీలో భద్రంగా ఉన్నయి. తాతల ఫోటోలకు లైబ్రరీ దొరికింది, మనుమలకు ఎప్పుడో?

పైసలు లేవంటే నమ్మకండి. లెక్కలోనే కిటుకు ఉంది. 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మేడలున్న చోట కోటి రూపాయల పన్ను వస్తే లైబ్రరీలకు 8 లక్షలు. పెంకుటిండ్ల చోట లక్ష వస్తే 8 వేలు. ఆ 8 వేలతో పేపర్ బిల్లు కూడా తీరదు. అంటే ఎవరి దగ్గర ఇల్లు లేదో వాళ్లకే పుస్తకం లేదు. వసూలైన సెస్సు కూడా గ్రంథాలయ సంస్థలకు సరిగా చేరడం లేదనేది పాత గొడవే. అందుకే ఏజెన్సీకి సెస్సు ఒక్కటే చాలదు. 2017లో చేసిన ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది కదా, అందులోంచి ఇవ్వాలె. ఐటీడీఏ ఉన్న ప్రతి చోటా ఒక మంచి గ్రంథాలయం, రాత్రి దాకా తెరిచి ఉండేది, ఆడపిల్లలు భయం లేకుండా కూర్చునేది. షెడ్డు కాదు, భవనం.

కోచింగ్ ఫీజు అడగొద్దని నేను అనను. కానీ ఆ పైసలు చివరికి కోచింగ్ సెంటర్లకే పోతయి, మన ఊరికి ఒక ఇటుక కూడా మిగలదు.

ఉట్నూరు వైపు ఉన్నోళ్లం సోమవారం గిరిజన దర్బార్‌లో అర్జీ పెడదాం. రాసే పని నాది. మీరు ఒక్కటి చెయ్యండి: మీ మండలంలో గ్రంథాలయం ఉందా, ఉంటే ఎన్ని గంటలు తెరుస్తరు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది, పోయి చూసి ఆదివారం లోపు నాకు చెప్పండి.