ఇంజన్ మార్చారు సరే, పొగ దారి చూశారా?

పాత మినీ లారీ ఇంజన్ పోతే కొత్త బండి కొనే స్తోమత మనలో ఎందరికుంది? విజయవాడ ఆటోనగర్ లాంటి చోట వాడిన ఇంజన్ తెచ్చి వేయించుకుంటాం. తప్పులేదు. కానీ ఇంజన్ బేరం మీదున్న శ్రద్ధ పొగ వెళ్ళే మానిఫోల్డు మీద ఉండటంలేదు.

రైతు సోదరులారా! ఏ ఇంజన్ కొంటే దాని పోత ఇనుము మానిఫోల్డునే అడిగి తీసుకోండి. "గొట్టాలు వంచి హెడర్ చేసిస్తాం, లాగుడు పెరుగుతుంది" అంటే తలూపకండి. అది పందెం కార్ల సరుకు. ధాన్యం బస్తాలేసుకుని నిదానంగా నడిచే డీజిల్ బండికి దానివల్ల ఒరిగేది తక్కువ. పల్చటి గొట్టాలు వేడికి, అదురుకి అతుకుల దగ్గర పగులుతాయి. టర్బో ఇంజనైతే టర్బో బరువంతా మానిఫోల్డే మోయాలి.

బిగించేముందు పెట్టి చూపించమనండి. స్టీరింగ్ బాక్సుకి, డీజిల్ పైపుకి, బ్రేకు పైపుకి ఎడం ఉండాలి. అడ్డమొస్తే మానిఫోల్డు కోయించొద్దు, దాని కింది పైపు వంపు మార్పించండి. గాస్కెట్ కొత్తదే వేయించండి. పొగ క్యాబిన్‌లోకి లీకైతే అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది.

మరో మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పు ఆర్.సి.లో ఎక్కాలి. రవాణా కార్యాలయంలో ముందే అనుమతి అడగండి. లేదంటే ప్రమాదం జరిగిననాడు బీమా దగ్గర చిక్కులు తప్పవు.

మోత గొప్ప కాదు. బండి సరుకుతో సంతకు చేరి, మనిషి క్షేమంగా ఇంటికొస్తే అదే లాభం.