జీవన వ్యయం: రెండు రాష్ట్రాల మధ్య తేడా ఎక్కడ?

జీవన వ్యయం ఆంధ్రప్రదేశ్‌లో అధికమా, తెలంగాణలోనా? 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామాల్లో తలసరి నెలవారీ ఖర్చు ఆంధ్రప్రదేశ్‌లో రూ.4,870, తెలంగాణలో రూ.4,802. అంటే దాదాపు సమానమే. పట్టణాల్లో మాత్రం ఇది వరుసగా రూ.6,782, రూ.8,158. ఈ రూ.1,376 అంతరానికి హైదరాబాద్ మహానగరమే ప్రధాన కారణమని భావించవచ్చు.

అయితే ఎక్కువ ఖర్చంటే ఎక్కువ ధరలని అర్థం కాదు. ఆదాయం పెరిగినా వినియోగం పెరుగుతుంది. ద్రవ్యోల్బణ రేటు సైతం ధరలు పెరిగే వేగాన్నే చెబుతుంది తప్ప, ఏ రాష్ట్రంలో బతుకు భారమో చెప్పదు. కనుక కనీస వేతనాలను, ఇంటి అద్దె భత్యాన్ని నిర్ణయించేటప్పుడు రాష్ట్ర సగటుపైనే ఆధారపడటం సరికాదు. కార్మికుడు నివసించే పట్టణంలోని అద్దె, బియ్యం, రవాణా ఖర్చులే అందుకు ప్రాతిపదిక కావాలి.