కరువు సీమకు తన బొమ్మ కావాలి

శ్రీ సత్యసాయి జిల్లా నల్లమాడ చుట్టూ ఉన్న నేలను బయటివాళ్లు కరువు అన్న ఒక్క ముక్కతో తేల్చేస్తారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేరుశనగ అదనుకు పడితే పడినట్టు. పత్రికల్లో వచ్చే ఫొటో కూడా ఒకటే: నెర్రెలు బారిన చేను, ఆకాశం వైపు చూసే రైతు. ఉన్నదే చూపిస్తున్నారు, సరే. ఒక ప్రాంతపు మనిషికి అదొక్కటే రూపంగా మిగిలిపోవడం మాత్రం అన్యాయం. ఈ నేల మనుషుల్ని చిత్రకారులు గీయాలి, పెద్దగా, రంగుల్లో, జనం తిరిగే చోట గోడల మీద.

తెలంగాణలో ఇలాంటి పని జరిగింది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో మనిషి, మేక, చెట్టు పెనవేసుకుని ఉంటాయి. పల్లె మనిషిని అతని నేల నుంచి విడదీసి చూడలేం. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని కూడా తన ఊరి ఆడవాళ్లనే గీశారు. నల్లని ఒళ్లు, పెద్ద బొట్టు, ముదురు రంగు చీరలు. ఆ బొమ్మల్లో కష్టం కనబడదని, అలంకారమే ఎక్కువని విమర్శ ఉంది. కొంత నిజమే. అయినా నల్లటి ఒంటిని అంత నిండుగా, ధీమాగా నిలబెట్టడం చిన్న పని కాదు. రాయలసీమ చిత్రకారులు అక్కడ మొదలుపెట్టి ఎండిన బోరును, మేకల మందను, బెంగళూరుకు వలసపోయే బస్సును కూడా బొమ్మలోకి తేవచ్చు.

అందుకు పునాది ఇక్కడే ఉంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రకారులు దేవుళ్లతో పాటు నాటి మనుషుల చీరల అంచులను, పొడుగు కుళ్లాయిలను కూడా వదలకుండా గీశారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలు మీద బొమ్మలు గీసే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. వారిలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రామాయణ పాత్రల్ని దాటి మామూలు మనిషిని గీస్తే సంప్రదాయం చెడుతుందనేవారున్నారు. తోలుబొమ్మలాట చూసేవాళ్లు తగ్గాక ఆ తోలే లాంప్ షేడ్లుగా మారింది. బతుకుతెరువు కోసం అంత మార్పును తట్టుకున్న కళకు ఊరి మనిషి బొమ్మ వల్ల చేటు రాదు.

నీళ్లు లేని చోట బొమ్మలెందుకన్న ప్రశ్న ఇంకా బరువైనది. చెరువు పూడికతీతకు పెట్టే డబ్బు ఇటు మళ్లించమని నేనడగడం లేదు. కానీ తనను తాను జాలిపడదగిన మనిషిగానే చూసుకునే చోట నీళ్లడిగే గొంతు కూడా సన్నబడుతుంది. సింగమనేని నారాయణ వంటి కథకులు సీమ రైతుకు కథల్లో ఆ గొంతు ఇచ్చారు. చిత్రకళ ఇంకా ఆ బాకీ తీర్చలేదు. బడులకు, ఆఫీసులకు, బస్టాండ్లకు ఎలాగూ రంగులు వేస్తుంటారు. శ్రీ సత్యసాయి జిల్లా అధికారులు వాటిలో కొన్ని గోడలను నిమ్మలకుంట కళాకారులకు, సీమ యువ చిత్రకారులకు అప్పగించాలి. పనికి తగ్గ డబ్బు సకాలంలో ఇవ్వాలి.