అరికాళ్ళ మంటలు, మందిరంలో చెప్పులు



"సిస్టరుగారూ, రాత్రయితే అరికాళ్ళకు కారం రాసినట్టు మండుతోంది." షుగరు ఉన్నవారి నోట ఈ మాట మా ఓ.పి.లో వినని రోజు లేదు. కొందరికి దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేనంత బాధ. చాలామంది మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కొని నెలల తరబడి మింగుతున్నారు. ఇది నరాల నొప్పి. డైక్లోఫినాక్ వంటి బిళ్ళలకు లొంగదు, పైగా అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. దీనికి ఎమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబలిన్, డులాక్సిటిన్ అనే వేరే మందులున్నాయి. గుండెజబ్బు ఉంటే డాక్టరుగారికి ముందే చెప్పండి. "ఇది మనోవ్యాధి మందు" అని ఎవరైనా అంటే భయపడవద్దు, నరాల నొప్పికీ ఇస్తారు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి మానేయకండి. మంట పూర్తిగా పోతుందని నేను చెప్పను. సగం తగ్గి, నిద్రపడితే అదే పెద్ద మేలు.

మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారికి బి12 తగ్గి కూడా తిమ్మిర్లు రావచ్చు. మద్యమూ నరాలను పాడుచేస్తుంది. (అది మన సంఘంలో లేదనుకోవద్దు.)

మంటకన్నా నన్ను భయపెట్టేది మొద్దుబారిన పాదం. మండే పాదమే మొద్దుబారి కూడా ఉండవచ్చు. కుష్ఠురోగుల వేళ్ళు పోవడానికి అసలు కారణం నొప్పి తెలియక తగిలే దెబ్బలేనని 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్‌గారు చూపించారు. షుగరు పాదానిదీ అదే కథ. తిమ్మిరి పోతుందని వేడినీళ్ళలో కాళ్ళుపెట్టి, బొబ్బలతో వచ్చేవారు ఎందరో.

మే నెల ఆదివారం మందిరం మెట్లు ఎలా కాలుతాయో మీకు తెలుసు. చెప్పులు గుమ్మం బయటే విడవాలంటాం. పొద దగ్గర మోషే విడిచాడు గదా అంటారు పెద్దలు. ఆ మాట మీద నాకు గౌరవముంది. అయితే విశ్రాంతిదినాన రోగులను బాగుచేసిన ప్రభువు, షుగరు రోగి కాలి చెప్పులు చూసి నొచ్చుకుంటాడని నేననుకోను. మందిరంలోకి మాత్రమే వాడే మెత్తని చెప్పులు ఒక జత శుభ్రంగా ఉంచుకుంటే చాలు. బయటి జత విడిచి, గుమ్మం దగ్గరే ఇవి తొడుక్కోవచ్చు. కాని ఒక్కరే వేసుకోవడానికి సిగ్గుపడతారు, కాబట్టి ఆ మాట పాస్టరుగారే ప్రకటనల్లో చెప్పాలి.

పాదాల పరీక్షకు వచ్చేటప్పుడు కొత్త చెప్పులు వద్దు, రోజూ వాడేవే వేసుకొని రండి. అవి ఎక్కడ అరిగాయో మేము చూడాలి.